పాట వస్తే నాటకం ఆగిపోతుందా?

నాటకాల వాళ్ళు నలుగురు కూర్చున్న చోట బి.వి. కారంత్ పేరు వస్తే చాలు, తీర్పు తయారుగా ఉంటుంది. "ఆయన సంగీతం అద్భుతమండీ. దర్శకత్వమంటారా, పాటలతో లాక్కొచ్చేవాడు" అని ఒకరు మొదలుపెడతారు. "ఎక్కడా నిలకడగా లేడు పాపం. ఉండి ఉంటే ఇంకెంత చేసేవాడో" అని రెండోవారు జాలిపడతారు. మూడోవారు ఆ రెంటినీ కలిపి సిద్ధాంతం చేసేస్తారు: "అసలు పాటల నాటకానికి కాలం చెల్లింది. పాట మొదలైందంటే కథ ఆగిందన్నమాటే. ఆధునిక నాటకానికి పాట అడ్డం."

ఈ మూడు మాటలూ ముప్పై ఏళ్ళుగా వింటున్నాను. రిహార్సల్ గదుల్లో విన్నాను, సన్మాన సభల్లో విన్నాను, పరిషత్తుల్లో న్యాయనిర్ణేతల నోట విన్నాను. పెద్దల మాట కదా అని చాలాసార్లు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. మూడూ తప్పే, మూడింటికీ వేరు ఒక్కటే. కారంత్ 2002 సెప్టెంబరు 1న కన్నుమూశారు. మన తీర్పుతో ఆయనకు వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. పోతున్నదంతా మన నాటకానికే.

పూర్వపక్షాన్ని బలహీనంగా చెప్పి కొట్టెయ్యడం న్యాయం కాదు కాబట్టి, ముందు దాని బలమేమిటో ఒప్పుకుంటాను. మన రంగస్థలం మీద పాటకు చెడ్డపేరు ఊరికే రాలేదు. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు తెలుగు ఊళ్ళకు వచ్చి ఆడి వెళ్ళాక మనవాళ్ళకు నాటకం మీద కొత్త ఉత్సాహం పుట్టింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పాత్రల చేత పాటలూ పద్యాలూ పాడించారు. జనం వాటికి ఎంతగా అలవాటుపడ్డారంటే, కొన్నాళ్ళకు నాటకం వెనక్కిపోయి రాగం ముందుకొచ్చి కూర్చుంది. పద్యం నాలుగు పాదాలే, దాని మీద రాగం మాత్రం నటుడికి ఊపిరి ఉన్నంతసేపు. హాల్లోంచి 'వన్స్ మోర్' అని కేక వస్తే, చచ్చి పడి ఉన్న పాత్ర లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేదని పాతవాళ్ళు ఇప్పటికీ కథలుగా చెబుతారు. అదే బళ్ళారి నుంచి వచ్చిన రాఘవ ఈ ధోరణి మీద తిరగబడ్డారు. వృత్తికి వకీలు, ప్రాణం నాటకం. నటుడు పాత్రలోనే ఉండాలి, చప్పట్ల కోసం పాత్రను వదిలి బయటికి రాకూడదు అన్నది ఆయన పట్టుదల. రాఘవ కోపం న్యాయమైన కోపం. దాని మీద నాకు ఒక్క అక్షరం అభ్యంతరం లేదు.

అయితే రాఘవ కోపం దేని మీద? పాత్రను నడిరోడ్డున వదిలేసి గాయకుడైపోయే నటుడి మీద. తర్వాతి తరాలు ఆ కోపాన్ని తీసుకెళ్ళి పాట నెత్తిన పెట్టాయి. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. పాటలో రెండు రకాలున్నాయి. పాత్ర ఆగిపోతే మొదలయ్యే పాట ఒకటి. పాత్ర తర్వాతి అడుగు వెయ్యడానికి వేరే దారి లేక పుట్టే పాట ఇంకొకటి. మొదటిది రోగం, రెండోది రక్తం. ఈ రెంటికీ తేడా చూపించడానికే కారంత్ నాటక జీవితమంతా గడిచింది. అందుకే ఆయన్ని 'సంగీతజ్ఞుడు' అని పక్కన కూర్చోబెట్టడం నాకు నచ్చదు. అది పొగడ్తలా వినిపించే తోసివేత.

ఆయన ఎక్కణ్ణుంచి వచ్చారో చూడండి. బాబుకోడి వెంకటరమణ కారంత్ 1929లో దక్షిణ కన్నడ జిల్లాలో, బంట్వాళ తాలూకాలోని ఒక పల్లెలో పుట్టారు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరారు. కన్నడ సినిమాకు తర్వాత రాజ్‌కుమార్ అయిన నటుడు కూడా ఆ కంపెనీ గూటి పక్షే. తెరలెత్తడం దగ్గర్నుంచి తాళం వెయ్యడం దాకా అన్నీ చేసే చోటది. పిల్లవాడిలో ఉన్న పనితనం చూసి వీరణ్ణే ఆయన్ని కాశీకి పంపి హిందీలో ఎం.ఏ. చదివించారు. అక్కడ ఓంకార్‌నాథ్ ఠాకూర్ దగ్గర హిందుస్తానీ సంగీతం నేర్చుకున్నారు. 1962లో ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా చదువు పూర్తిచేశారు. కంపెనీ నాటకం, కాశీ సంగీతం, ఢిల్లీ ఆధునిక శిక్షణ: ఈ మూడూ ఒకే మనిషిలో కలవడం అరుదు. ఇందులో ఏ ఒక్కటీ రెండోదాన్ని చూసి సిగ్గుపడకపోవడం ఇంకా అరుదు.

ఈ మూడింటి కన్నా ముందు నాలుగోది ఒకటి ఉంది, అది ఆయన పుట్టిన నేల. ఆ కరావళిలో రాత్రి తెల్లవార్లూ పొలాల్లో యక్షగానం ఆడతారు. వేషగాళ్ళ వెనక మద్దెల, చెండె వాయించేవాళ్ళతో పాటు ఒకాయన తలపాగా చుట్టుకుని, చేతిలో తాళంతో కూర్చుని పాడుతూ ఉంటాడు. ఆయన భాగవతుడు. వేషం ఎప్పుడు రావాలో, ఎంతసేపు గంతులు వెయ్యాలో, ఎక్కడ పాట ఆగి మాట మొదలవ్వాలో, మాట శ్రుతి మించితే మళ్ళీ ఎప్పుడు పాట ఎత్తుకుని దాన్ని కత్తిరించాలో నిర్ణయించేది ఆయనే. వేషగాళ్ళ మాటలు చాలావరకు అప్పటికప్పుడు పుట్టేవి కాబట్టి, ఆ ఆట పట్టుతప్పకుండా ఉండేది భాగవతుడి గొంతు వల్లనే. అందుకే ఆయన ముఖానికి రంగు లేకపోయినా ఆయన్ని 'మొదటి వేషం' అంటారు.

దీన్ని మించిన దర్శకుడు ఎవరు? రంగస్థలం మీదే కూర్చుని, ఆట నడుస్తుండగానే దాన్ని దిద్దుతున్న మనిషి ఆయన. దిద్దడానికి ఆయన దగ్గరున్న పనిముట్టు గొంతు ఒక్కటే. పాడేవాడు ఒకడు, నడిపేవాడు ఇంకొకడు అన్న విభజన ఆ సంప్రదాయంలోనే లేదు. మన దగ్గరా లేదు. కూచిపూడి భాగవత మేళంలో తాళం పట్టుకున్న సూత్రధారుడే ప్రదర్శనను నడిపిస్తాడు. బుర్రకథలో తంబురా భుజాన వేసుకున్న కథకుడే కథను పరుగెత్తిస్తాడు, ఆపుతాడు, వంతలకు సందు ఇస్తాడు. ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ బుర్రకథ చెబుతుంటే, ఆయన పాట కథను ఆపేస్తోందని ఎవరైనా అన్నారా? పాటే కథ, కథే పాట. సంగీతం ఒక శాఖ, దర్శకత్వం ఒక శాఖ అని కార్యాలయాల్లో బల్లలు వేసినట్టు విడదీసింది మనమే. ఆ విడదీసిన బల్లల మధ్య నిలబెట్టి, భాగవతుల నేల మీద పుట్టిన మనిషిని "నువ్వు ఏ శాఖ?" అని అడుగుతున్నాం.

ఇక ఆయన నాటకాల్లోకి వెళ్దాం. పాట నాటకాన్ని ఆపిందో నడిపిందో అక్కడే తేలాలి.

గిరీశ్ కార్నాడ్ 'హయవదన' తీసుకోండి. 1970ల మొదట్లో హిందీలోనూ కన్నడంలోనూ కారంత్ దాన్ని రంగం మీదికి తెచ్చారు. దేవదత్తుడికి తెలివి, కపిలుడికి కండ. తలలు తారుమారయ్యాక పద్మిని ఎవరి భార్య అన్నది ప్రధాన కథ. దాని చుట్టూ ఇంకో కథ ఉంది: గుర్రం తల, మనిషి ఒళ్ళు ఉన్న హయవదనుడు పూర్తి మనిషి కావాలని మొక్కుకుంటే కాళి అతన్ని పూర్తి గుర్రాన్ని చేస్తుంది. మనిషి గొంతు ఒక్కటి మిగిలిపోతుంది. మాటా నవ్వూ మరిచిపోయిన పద్మిని కొడుకు ఆ గుర్రం పాడడం చూసి పకపకా నవ్వుతాడు. ఆ నవ్వుతో నవ్వు కలిపి గుర్రం కూడా నవ్వబోతే, ఆ నవ్వు కాస్తా సకిలింపు అవుతుంది. ఆ క్షణాన దాని కోరిక తీరింది, గొంతు పోయింది. ఈ నాటకం ముగిసేది ఒక శబ్దంలో. గొంతు ఎవరిది, ఒళ్ళు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు మాటల్లో లేదు, నవ్వు సకిలింపుగా మారే ఆ మలుపులో ఉంది. ఆ మలుపును చెవితో పట్టుకోలేని దర్శకుడి చేతిలో 'హయవదన' ఒక వింత కథ అవుతుంది, అంతే. భాగవతుడి గొంతుతో మొదలై, సకిలింపు మీదుగా పాటలోకి చేరే నాటకానికి సంగీతం అలంకారమని ఎవరంటారు?

'సత్తవర నెరళు' ఇంకా గట్టి సాక్ష్యం. 'జడభరత' అనే కలంపేరుతో జి.బి. జోషి రాసిన నాటకం. ఒక మఠం, దాని పీఠం, పీఠం కోసం జరిగే రాజకీయం. కారంత్ ఇందులో పురందరదాసు పాటలు అల్లారు. పాట ఆలోచనను జోకొడుతుందని, ప్రేక్షకుడికి మత్తెక్కిస్తుందని వాదించేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. ఆ కీర్తనలు కన్నడ ప్రేక్షకుడికి కొత్తవి కావు. నానమ్మ దీపం పెడుతూ పాడినవి, గుళ్ళో విన్నవి, ఒంట్లో ఇంకిపోయినవి. ఆ భక్తి పాటే పీఠం కోసం కాట్లాడుకునేవాళ్ళ మధ్య వినిపిస్తే ఏమవుతుంది? ప్రేక్షకుడి చెవికి అమృతం, కంటికి కుళ్ళు ఒక్కసారే అందుతాయి. రెండూ నిజమే కాబట్టి రెంటినీ వదలలేడు. ఆ ఇరకాటంలోనే ఆలోచన పుడుతుంది. దీన్ని ఉపన్యాసంలా మాటల్లో చెప్పి ఉంటే, భక్తులు లేచి వెళ్ళిపోయేవారు, భక్తి లేనివాళ్ళు ముందే తెలిసిన సంగతికి చప్పట్లు కొట్టేవారు. పాట ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది. ఇదే దర్శకత్వం. వేరే పేరు ఏదైనా ఉంటే నాకు చెప్పండి.

1972లో బెంగళూరులో ఆరుబయట ఆడించిన నాటకాల్లో చంద్రశేఖర కంబార 'జోకుమారస్వామి' ఒకటి. ఉత్తర కర్ణాటక బయలాట పద్ధతిలో, మేళంతో నడిచే నాటకం. పంట పండించే దేవుడి చుట్టూ అల్లిన పల్లె తంతు, దాని లోపల భూమి ఎవరిది, దున్నేవాడిదా దొరదా అన్న నిప్పులాంటి ప్రశ్న. అదే వేదిక మీద 'ఈడిపస్' కూడా ఆడించారు. గ్రీకు విషాదానికీ పల్లె బయలాటకూ ఒకే మనిషి న్యాయం చెయ్యబూనడం చూసి కొందరు దాన్ని నిలకడలేనితనం అన్నారు. గ్రీకు నాటకంలో కోరస్ లేనిదే నాటకం లేదని మరిచిపోయారు. ఆయన రెండు చోట్లా చేసింది ఒకటే పని: ఊరందరి గొంతునూ రంగం మీద వినిపించడం.

1979లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా రెపర్టరీతో ఆయన షేక్‌స్పియర్ 'మాక్‌బెత్'ను 'బర్నమ్ వన్' పేరుతో, రఘువీర్ సహాయ్ హిందీ అనువాదంలో, యక్షగాన శైలిలో ఆడించారు. విదేశీ నాటకానికి దేశీ చొక్కా తొడిగారని తేల్చేసినవాళ్ళున్నారు. యక్షగానంలో వీరుడి నడక తన సొంతం కాదు. చెండె దెబ్బ పడితే అడుగు పడుతుంది, దరువు మారితే నడక మారుతుంది. మాక్‌బెత్ కథ కూడా అంతే కదా: తన కాళ్ళతో తానే నడుస్తున్నానని నమ్మే మనిషి, ఎవరో మోగిస్తున్న మోతకు అడుగులు వేస్తూ గోతిలోకి వెళ్ళడం. ఆ నాటకానికి ఆ శైలి చొక్కా ఎలా అవుతుంది? వెన్నెముక అవుతుంది.

సినిమాలోనూ ఇదే చెవి పనిచేసింది. రచయిత శివరామ కారంత్ నవల ఆధారంగా బి.వి. కారంత్ తీసిన 'చోమన దుడి' 1975 సంవత్సరానికి జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం అందుకుంది. చోముడు దళితుడు. సొంతంగా సేద్యం చెయ్యాలన్నది అతని ఒకే ఒక్క కోరిక. కులం దానికి ఒప్పుకోదు. అతని దగ్గర వాదనలు లేవు, అర్జీలు లేవు. దుడి అనే చిన్న వాయిద్యం ఉంది. కోపం వస్తే దుడి, దుఃఖం వస్తే దుడి, చివరికి తలుపులు మూసుకుని ప్రాణం పోయేదాకా దుడి. మాట దక్కని మనిషికి ఆ మోతే మాట. కారంత్‌కు 'ఋష్యశృంగ', 'ఘటశ్రాద్ధ' చిత్రాల సంగీతానికి వరసగా రెండేళ్ళు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఆ పురస్కారాలను చూపించి "చూశారా, సంగీత దర్శకుడే" అనేవాళ్ళు ఆ దుడి చప్పుడు దగ్గర ఏమంటారు? అది సంగీతమా, కథనమా, పాత్రా? మూడింటినీ విడదీసి చూపించమనండి.

మరి ఇంత సాక్ష్యం ఉండగా ఆ తీర్పు ఎందుకు నిలబడింది? నాకు తోచిన కారణం ఒకటుంది. నాటకం ఆడిన మర్నాటికి మిగిలేది పుస్తకం. పుస్తకంలో సంభాషణ ఉంటుంది, పాటకు సాహిత్యం ఉంటుంది, వరుస ఉండదు. దరువు ఉండదు. రెండు మాటల మధ్య ఎంత నిశ్శబ్దం ఉందో ఉండదు. చరిత్ర రాసేవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు పుస్తకం చేతిలో పట్టుకుని రాస్తారు, చెబుతారు. అచ్చులో కనబడేదే నాటకం, కనబడనిది అదనపు హంగు అన్న భ్రమ అలా పుట్టింది. రచయితకు చరిత్రలో అధ్యాయం, చెవితో నాటకం కట్టినవాడికి ఒక పేరా. అందులోనూ 'సంగీతం అద్భుతం' అనే పొగడ్త. ఇది కారంత్ ఒక్కరికి జరిగిన అన్యాయం కాదు. మన పద్యనాటకాల హార్మోనిస్టులకు ఆ పేరా కూడా దక్కలేదు.

హార్మోనిస్టును దగ్గర్నుంచి చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. ఆయన కళ్ళు మెట్ల మీద ఉండవు. రంగం పక్కన కూర్చుని తలెత్తి నటుడి గొంతు వైపే చూస్తూ ఉంటాడు. నటుడు ఊపిరి తీసుకోవడం చూసి శ్రుతి అందిస్తాడు. పద్యం మధ్యలో నటుడికి జీర వస్తే బెల్లోస్ ఒత్తి ఆ జీరను కప్పేస్తాడు. మాట మరిచిపోతే చిన్న బిట్టు వాయించి అతనికి గుర్తొచ్చేదాకా కాపు కాస్తాడు. నటుణ్ణి వింటూ, నటుడి కోసం ఆగుతూ, నటుడితో కలిసి నడిచే మనిషి.

ఆ మనిషిని మన ఆధునిక నాటిక రంగం మీద నుంచి పంపేశాం. పంపేసి సంగీతం మానేశామా? లేదు. ఈరోజు ఏ పరిషత్తుకైనా వెళ్ళండి. తెర లేచిన దగ్గర్నుంచి దిగేదాకా రికార్డు చేసిన సంగీతమే. తల్లి ఏడిస్తే వేణువు, కొడుకు అరిస్తే డ్రమ్ములు, గుండెపోటు వస్తే తబలా. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడి చేత మీట నొక్కిస్తాం. పాట నాటకాన్ని ఆపేస్తుందని గెంటేసినవాళ్ళమే, నటుడి మాటే వినిపించుకోని సంగీతాన్ని గంటసేపు మోగిస్తున్నాం. రికార్డు నటుడి కోసం ఆగదు. ఊపిరి చూడదు. ఈ తప్పులో నేనూ ఉన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పదిహేనేళ్ళ కిందట ఒక పరిషత్తుకు మేమొక నాటిక పట్టుకెళ్ళాం. అందులో తల్లి పాత్ర తిరగలి ముందు కూర్చుని విసురుతూ, అర్థంపర్థం లేని ఒక కూనిరాగం తీస్తూ ఉంటుంది. కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడతాడు. పొలం అమ్మేశానని చెప్పాలి, నోరు రాదు. ఆమె తలెత్తి చూడదు. కూనిరాగం మధ్యలో తెగిపోతుంది. తిరగలి మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆమెకు తెలిసిపోయిందని మనకు తెలిసేది అప్పుడే. ప్రదర్శన అయ్యాక ఒక న్యాయనిర్ణేత పిలిచి, "పాట దగ్గర టెంపో పడిపోయిందండీ, అది తీసేసి నాలుగు మంచి డైలాగులు పెట్టండి" అన్నారు. తర్వాతి పోటీకి తీసేశాను. కూనిరాగం బదులు రికార్డు చేసిన వేణువు పెట్టాను. ఆ రోజు కొడుకు పాత్ర వేసిన కుర్రాడు గుమ్మంలో రోజూ కన్నా ఎక్కువసేపు మౌనంగా నిలబడ్డాడు. మంచి నటుడు, ఆ రోజు ఆ మౌనం అంత లోతుగా పట్టింది. కానీ వేణువు అయిపోయింది. ఖాళీ స్పీకర్ల బుస్సు వినిపించింది. కుర్రాడు కంగారుపడి మాట ముందే అనేశాడు. రాత్రి భోజనాల దగ్గర తల్లి వేషం వేసిన ఆవిడ నాతో, "మాస్టారూ, తిరగలి దగ్గర నేనేం చెయ్యాలో ఇప్పుడు నాకు తెలీడం లేదు" అంది. ఆ కూనిరాగమే ఆమె నటన. దాన్ని పాట అనుకుని నేను తీసేశాను.

ఇక నిలకడ సంగతి. కారంత్ 1977లో ఇబ్రహీం అల్కాజీ తర్వాత నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టరయ్యారు, 1981 దాకా ఉన్నారు. తర్వాత భోపాల్‌లో భారత్ భవన్ రంగమండల్. అక్కడ బుందేలీ లాంటి ఊరి మాటలతో జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్‌ను ఆడించారు. 1989లో మైసూరులో రంగాయణ మొదలుపెట్టి 1995 దాకా నడిపారు. వీటికి ముందు, మధ్యలో భార్య ప్రేమా కారంత్‌తో కలిసి బెంగళూరులో 'బెనక', పిల్లల నాటకాలు. కన్నడం, హిందీ మొదలుకుని తెలుగు, మలయాళం, పంజాబీ, సంస్కృతం దాకా వందకు పైగా నాటకాలు. ఈ పట్టికను చూసి ఒక చోట వేరు పట్టని మనిషి అంటారు. కంపెనీ నాటకంలో పెరిగినవాడికి ఊరు మారడం ఓటమి ఎలా అవుతుంది? డేరా ఎత్తి ఇంకో ఊళ్ళో వెయ్యడమే ఆ బతుకు. ఆయన వెళ్ళిపోయిన చోట ఏం మిగిలిందన్నదే అడగవలసిన ప్రశ్న. రంగాయణ ఇవాళ్టికీ ఉంది, ప్రతి ఏటా కొత్త నాటకాలు ఆడుతోంది. కర్ణాటక నలుమూలల నుంచి ఏరి తెచ్చిన కుర్రాళ్ళు అక్కడ నటులయ్యారు. నాటుకుంటూ వెళ్ళిన మనిషిని పట్టుకుని నీడలో కూర్చోలేదేమని అడగడం ఏం న్యాయం?

భోపాల్ అధ్యాయం 1986లో ఒక విషాదంతో ముగిసింది. ఒక నటి తీవ్రంగా కాలిన ఘటనలో ఆయన అరెస్టయ్యారు. దాన్ని దాటవేసి ఆయన్ని పొగిడితే ఈ వ్యాసానికి విలువ లేదు. ఎంత గొప్ప కళ అయినా మనిషి బాధ్యతను తుడిచెయ్యదు. అయితే ఆ ఘటనను పట్టుకుని ఆయన రంగస్థల పద్ధతినే కొట్టిపారెయ్యడం కూడా తర్కం కాదు. మనిషి మీద విచారణ వేరు, పద్ధతి మీద విచారణ వేరు. నేనిక్కడ చేస్తున్నది రెండోది.

ఆ పద్ధతి తెలుగు గడ్డ మీద ఏం చెయ్యగలదో ఆయన చూపించి వెళ్ళారు, మనం సరిగ్గా చూడలేదు. 1990ల చివర్లో సురభి వాళ్ళతో ఆయన వర్క్‌షాపులు చేసి నాటకాలు తయారుచేయించారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలై, తరతరాలుగా కుటుంబాలతో సహా డేరాల్లో బతుకుతున్న సమాజం అది. మాయలు, మంత్రాలు, రంగురంగుల తెరలు, పౌరాణికాలు: వాళ్ళకు అంతే వచ్చని మన ఆధునికులు తేల్చేసుకున్నారు. ఆ సురభి నటుల చేత కారంత్ 'భీష్మ', 'చండీప్రియ'లతో పాటు 'బస్తీ దేవత యాదమ్మ' ఆడించారు. అది బ్రెహ్ట్ నాటకం. మంచితనంతో బతకనివ్వని లోకంలో మంచిగా ఉండాలనుకున్న ఒక బీద స్త్రీ కథ.

డేరా నాటకం వాళ్ళు బ్రెహ్ట్‌ను ఎలా ఆడారు? 1928లో 'త్రీ పెన్నీ ఒపేరా'లో కుర్ట్ వైల్ సంగీతంతో బ్రెహ్ట్ ఏం కోరుకున్నాడో గుర్తు చేసుకుంటే జవాబు దొరుకుతుంది. నటుడు మాట ఆపి, ప్రేక్షకుడి వైపు తిరిగి, ఇది పాట అని దాచకుండా పాడాలి. ప్రేక్షకుడు కథలో మునిగిపోకుండా తల పైకెత్తి చూడాలి. ఐరోపా నటులకు ఇది కొత్తగా నేర్పవలసి వచ్చింది. సురభి ఇంట్లో పుట్టిన పిల్లకు మాట నుంచి పద్యంలోకి, పద్యం నుంచి ప్రేక్షకుడి కళ్ళలోకి వెళ్ళడం ఉగ్గుపాలతో వచ్చింది. ఆధునిక నాటకం ఎక్కడో వెతుక్కుంటున్న పనిముట్టు మన డేరాలో దండెం మీద వేలాడుతోంది. కారంత్‌కు అది కనిపించింది, ఎందుకంటే ఆయన కంపెనీ నాటకాన్ని చూసి ఎప్పుడూ సిగ్గుపడలేదు. మనకు కనిపించలేదు, ఎందుకంటే మనం సిగ్గుపడ్డాం.

ఇప్పుడు నేను కోరేది పాత పద్యనాటకాన్ని యథాతథంగా వెనక్కి తెమ్మని కాదు. గంటసేపు రాగం తియ్యమనీ కాదు. నాలుగే నాలుగు అడుగుతున్నాను. నాటకం నేర్పే చోట ప్రతి నటుడికీ తాళం, శ్రుతి పాఠ్యాంశంగా నేర్పండి, ఇష్టముంటే నేర్చుకునే అదనపు విద్యగా వదిలెయ్యకండి. మిగిలి ఉన్న పెద్ద హార్మోనిస్టుల దగ్గర కూర్చుని పాత నాటకాల వరుసలను రికార్డు చేసి దాచండి; వాళ్ళతో పాటే అవి పోతున్నాయి. పరిషత్తుల్లో పెన్‌డ్రైవ్ లేకుండా, రంగం పక్కన కూర్చుని నటుణ్ణి వింటూ వాయించే ఒక్క మనిషితో నాటిక ఆడేవాళ్ళకు ప్రోత్సాహం ఇవ్వండి. దర్శకత్వానికి మార్కులు వేసేటప్పుడు కళ్ళతో పాటు చెవులు కూడా తెరుచుకుని కూర్చోండి.

రెండేళ్ళ కిందట ఆ నాటికను మళ్ళీ కట్టాం. ల్యాప్‌టాప్ లేదు. ఒక పక్కన డప్పు వాయించే కుర్రాడు, అంతే. తల్లి వేషం అదే ఆవిడ, ఇప్పుడు ఆమె జుట్టుకు నిజంగానే నెరుపు వచ్చింది. కూనిరాగం మళ్ళీ పెట్టాను. కొడుకు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. డప్పు కుర్రాడు కర్ర పైకెత్తి, ఆవిడ గొంతు వైపు చూస్తూ ఆగాడు. రాగం తెగింది. కర్ర దిగలేదు. హాల్లో తిరగలి చప్పుడు ఒక్కటే వినిపించింది, ఒక చుట్టు, ఇంకో చుట్టు, మూడో చుట్టుకు ముందు వరసలో ఎవరో ఊపిరి బిగబట్టారు. నాటకం ఆగలేదు. అప్పుడే మొదలైంది.